ఎదురెదురు బిగింపు

మా నాయన తప్పెటకు తోలెక్కించేటప్పుడు నేను పక్కన కూచోని వార్లు అందిచ్చేవాణ్ణి. నానబెట్టిన తోలును చట్రం మీద పరిచి, అంచుల్లో బొక్కలు పొడిచి, వాటిల్లో నుంచి వార్లు దూర్చి వెనకపక్కకు లాగి కట్టాల. 1988 ప్రాంతం. నాకు పదేండ్లు. ఒకరోజు పని మధ్యలో రెడ్డోళ్ల ఇంటి నుంచి పిలుపొస్తే నాయన లేచిపోయినాడు. నేను పెద్ద పనోని మాదిరి ఒక పక్క నుంచి వరసగా లాక్కుంటా పోయినా. తిరిగొచ్చి చూసినాడు. తోలంతా ఒక పక్కకు జరిగిపోయింది, ఇంకో పక్క ముడతలు. తిట్టలేదు. మొత్తం విప్పినాడు.

"ఒక పక్కనే లాగితే అది ఆ పక్కకే వస్తాదిరా. ఈడ ఒకటి లాగినావా, దాని ఎదురుగా ఇంకోటి లాగు. కొంచెం కొంచెం. ఒక్కదాన్నే సచ్చేటట్ల బిగించొద్దు."

పన్నెండేండ్ల తర్వాత బెంగుళూరులో ఒక కారు కంపెనీ పుస్తకంలో అదే మాట బొమ్మతో సహా చూసినా. చక్రం, దాని మీద నట్లు, వాటి పక్కన ఒకటి రెండు మూడు అని అంకెలు, ఒక నట్టు నుంచి ఎదురు నట్టుకు బాణం గీత. ఇంగ్లీషులో ఏమో రాసుంది. చదవకుండానే అర్థమయింది. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. మా నాయన చెప్తే అది మాదిగపని. పుస్తకంలో అచ్చేస్తే ఇంజనీరింగు.

మాది తలుపుల మండలంలో ఒక పల్లె. అప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ మా గేరి ఉన్న చోటే ఉంది, వంక పక్కన, ఊరి నీళ్లన్నీ పారే దిగువన. శెనక్కాయ పైరు, వాన లేని ఏండ్లు, వలస. ఇవి చెప్పి మీకు విసుగు పుట్టించను, మా సీమోళ్లు రాసింది మీరు చదివే ఉంటారు. మా జేజినాయన కపిలబానకు తోలు తొండాలు కుట్టేవాడు. బావిలోంచి ఎద్దులు లాగే నీళ్లు ఆ తొండంలో నుంచే కాలవలో పడేవి. ఆ నీళ్లతో పండిన వడ్లు రెడ్డోళ్ల గాదెలో పడేవి. తొండం కుట్టిన మనిషి మాత్రం ఆ బావి గట్టు ఎక్కకూడదు. కరెంటు మోటార్లు వచ్చినాక కపిల పోయింది. ప్లాస్టిక్ చెప్పులు వచ్చినాక చెప్పులు కుట్టే పనీ పాయ. నాయనకు తప్పెట, కూలి మిగిలినాయి.

మా ఊరి రెడ్డికి ఒక జీపుండేది. పంచరయితే నాయన్నే పిలిచేవాళ్లు, చక్రం ఎత్తడానికి. స్టెప్నీ దించి, పంచరయింది ఎక్కించి, దాన్ని పట్టుకోని జీపు వెనక తలుపు మీద కూచోని కదిరికి పోయేవాడు. లోపల సీట్లు ఖాళీగా ఉండేవి. నేను అడిగినా ఒకసారి, లోపల కూచోవచ్చు కదా నాయనా అని. "చక్రం పడిపోతాది, పట్టుకోవాల కదా" అన్నాడు. పిల్లోణ్ణి, నమ్మినా.

పదో తరగతి లెక్కల్లో పోయింది. 1994లో కదిరిలో ఒక సాయిబు పంచరు అంగట్లో చేరినా. ఆ ఏడే జూలైలో మాదిగ దండోరా మొదలయింది. ఆ సంగతి మా దాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. నాకు అప్పటికి తెలిసిన పెద్ద సంగతి ఒక్కటే. సాయిబు తాగిన గ్లాసులోనే నాకూ చాయ్ పోసినాడు. నేను గ్లాసు కడిగి పెట్టబోతే "కడగడానికి పిల్లోడున్నాడు, నువ్వు టైరు చూడు" అన్నాడు. ఆ పిల్లోడు ఆయన కొడుకు.

నా చేతికి పందొమ్మిదో నంబరు పానా ఇచ్చింది ఆయనే. మొదటి నెల నన్ను పానా తాకనియ్యలేదు. నట్టును ముందు చేత్తోనే తిప్పాల, వేళ్లతోనే లోపలి దాకా పోవాల. "చేత్తో ఎక్కని నట్టు పానాతో ఎక్కిందంటే అది ఎక్కలేదురా, మర తినేసింది" అనేవాడు. లారీ చక్రాలకు, జీపు చక్రాలకు, అంబాసిడర్లకు అదే పాఠం. విప్పినాక ఇనప బ్రష్షుతో హబ్బు ముఖం రుద్దాల. తుప్పు, మట్టి, రంగు పెళ్లలు ఏవీ ఉండకూడదు. స్టడ్డు మరకు నూనె పూయకూడదు. నూనె పూస్తే నట్టు సులువుగా తిరుగుతాది, మనకు తెలియకుండానే ఎక్కువ బిగిస్తాం, స్టడ్డు సాగిపోతాది. ఇట్లాంటివన్నీ ఆ రేకుల అంగట్లో నేర్చుకున్నవే.

1999లో బెంగుళూరు పోయినా. మా పక్క మనుషులు బేల్దారు పనికి, కూలికి పోతారు కదా, ఆ బస్సుల్లోనే. జె.సి. రోడ్డు పక్క సందుల్లో కార్లకు అల్లాయ్ చక్రాలు వేసే అంగడి ఒకటి దొరికింది. అప్పుడే ఆ మోజు మొదలయింది. కంపెనీ ఇచ్చిన ఇనప చక్రం తీసేసి మెరిసే అల్యూమినియం చక్రం వేసుకోవడం. సాఫ్టువేరు పిల్లోళ్లు మొదటి జీతంతో కారు కొనేది, రెండో జీతంతో చక్రాలు మార్చేది. పదేండ్లు అదే పని చేసినా.

ఈ పని గురించి కొంచెం వివరంగా చెప్పాల. చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

కారు చక్రం దేని మీద కూచుంటాది? అడిగితే నూటికి తొంభై మంది నట్ల మీద అంటారు. కాదు. ఇరుసు చివర హబ్బు ఉంటాది. దాని నడుమ గుండ్రటి గడ్డ ఒకటి బయటికి పొడుచుకోని ఉంటాది. చక్రం నడిమి బొక్క ఆ గడ్డకు సరిగ్గా పట్టాల. కంపెనీ చక్రమయితే వెంట్రుక దూరనంత కరెక్టుగా పడతాది. మారుతి స్విఫ్టుకు, హుందాయ్ ఐ20కి ఆ కొలత 54.1 మిల్లీమీటర్లు. హోండా సిటీకి 56.1. కియా సెల్టోస్‌కు 67.1. ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. బయట అల్లాయ్‌లు తయారుచేసేవాళ్లు ఇన్ని కొలతలకు ఇన్ని అచ్చులు పెట్టుకోరు. అందరికీ పట్టేటట్ల పెద్ద బొక్క, ఎక్కువగా 73.1, వేసి వదిలేస్తారు. ఇప్పుడు సిటీ హబ్బు మీద ఆ చక్రం తగిలిస్తే లెక్క చూడండి, చుట్టూ ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల సందు. చక్రం గాలిలో ఉన్నట్టే. ఆ సందును పూడ్చడానికి ఒక రింగు వస్తాది, ప్లాస్టిక్‌దో అల్యూమినియందో. బయట 73.1, లోపల 56.1. చేతిలో పెట్టుకుంటే తూకమే ఉండదు. పిల్లోళ్లు గాజనుకోని ఆడుకుంటారు. అదే చక్రాన్ని నడిమికి తెచ్చేది.

రింగు బరువు మోస్తాదని కూడా అనుకోవద్దు. రింగు పని, నట్లు బిగించేదాకా చక్రాన్ని నడిమిలో నిలబెట్టడం. బిగించినాక స్టడ్డు ఒక నులక సాగి, సాగిన తాడు మాదిరి వెనక్కి లాగతా ఉంటాది. ఆ లాగుడుకు చక్రం ముఖం హబ్బు ముఖానికి అదుముకుంటాది. ఆ రెండు ముఖాల పట్టే బండిని మోసేది. అందుకే సాయిబు ఆ ముఖాన్ని అంతగా రుద్దించేవాడు. మధ్యలో తుప్పు పెళ్ల ఉంటే, నాలుగు మైళ్లు పోయేసరికి అది నలిగిపోతాది, బిగువు పోతాది.

ఇంకొకటి నట్టు అడుగు. చూడ్డానికి అన్ని నట్లూ ఒకటే. తిరగేసి చూస్తే తెలుస్తాది. హోండా కంపెనీ నట్టు అడుగు గుండ్రంగా, గోలీ సగం కోసినట్ల ఉంటాది, వాళ్ల చక్రంలో గుంట కూడా అట్లే ఉంటాది కాబట్టి. బయట అమ్మే అల్లాయ్‌లలో గుంట గరాటు మాదిరి ఏటవాలుగా ఉంటాది. గరాటులో గోలీ వేస్తే ఎంత ఆనుకుంటాది? ఒక గీత మందాన. బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తాది. నడిస్తే ఆ గీత అరుగుతాది, నట్టు వదులవుతాది. అల్లాయ్ మారిస్తే నట్లూ మార్చాల, ఏటవాలు అడుగువి వేయాల. ఈ ముక్క పెద్ద పెద్ద అంగళ్లలో కూడా చాలామందికి పట్టదు.

2009 మార్చిలో, కదిరి తేరుకు ఒకరోజు ముందు, అంగటి ముందర ఒక సిటీ ఆగింది. ఏ.పి. నంబరు. డ్రైవరు సీట్లోంచి మా అక్క మొగుడు దిగినాడు. మా బావ. నాకు ప్రాణం లేచొచ్చింది. వెనక సీట్లోంచి మా ఊరి రెడ్డి కొడుకు దిగినాడు. బెంగుళూరులో సైట్ల వ్యాపారం చేస్తాండె. బావ ఆయన దగ్గర రెండేండ్లుగా డ్రైవరు. ఆ అంగడి అని తెలిసి రాలేదు, నేను ఉన్నానని అసలు తెలియదు.

తేరుకు ఊరికి పోవాల. కొత్త చక్రాలతో పోవాల. పదిహేడు అంగుళాలవి ఎంచుకున్నాడు.

నేను చక్రాలు విప్పి హబ్బు కొలిచి రింగుల డబ్బా చూసినా. 56.1 లేవు. ఓనరును అడిగితే "రేపొస్తాయి, ఇప్పుడు వేసి పంపు" అన్నాడు. నట్లు అడిగినా. "ఒరిజినల్ హోండా నట్లు ఉండగా మళ్ల కొనేదెందుకు? అంతకంటే మంచివి ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు. కస్టమరు ముందర అట్లంటే కస్టమరుకు ఓనరు నిజాయితీపరుడని అనిపిస్తాది కదా.

నేను రెడ్డి కొడుకు దగ్గరికే పోయినా. "రెడ్డీ, ఈ నట్లు ఈ చక్రానికి పనికిరావు. రింగు కూడా లేదు. రేపు పొద్దున దాకా ఆగితే అన్నీ తెప్పిచ్చి వేస్తా" అన్నా.

అప్పుడు నన్ను సరిగ్గా చూసినాడు. ముఖం గుర్తుపట్టినాడు. "రేయ్, నువ్వు తప్పెటోని కొడుకువి కదరా?" అన్నాడు. మా నాయన పేరు ఆయనకు తెలుసు. జీపు చక్రాలు ఎత్తిన మనిషి పేరు తెలియకుండా ఉంటాదా. తప్పెటోడు అన్నాడు. ఓనరుకు అర్థం కావల్సింది అర్థమయింది. అప్పటిదాకా ఆ అంగట్లో నేను ఆంధ్రా నుంచి వచ్చిన మెకానిక్కును, అంతే.

"నువ్వెప్పుడు ఇంజనీరువయినావురా? చెప్పింది చెయ్యి" అన్నాడు నవ్వుతా.

ఓనరు చక్రాలను బ్యాలెన్సింగు మిషను మీద పెట్టించి చూపించినాడు. నాలుగింటికీ సున్నా. "చూడండి సార్, మిషను చెప్తాంది." మిషను అబద్ధం చెప్పలేదు. అక్కడ చక్రాన్ని దాని బొక్కలోనే కోను పెట్టి నడిమికి తెచ్చి తిప్పుతారు. కాబట్టి సున్నా వస్తాది. అదే చక్రం కారు మీద నడిమిలో కూచోకపోతే ఆ సున్నాకు అర్థం లేదు. ఈ మాట చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. నోరు రాలేదు. పదేండ్లు పట్నంలో ఉన్నా, లారీ చక్రాలు ఎత్తినా, ఆ ఒక్క 'తప్పెటోని కొడుకు' అనే మాటకు నేను మళ్లా వంక పక్కన నిలబడిన పిల్లోణ్ణి అయిపోయినా.

నేనే వేసినా. అది దాచేది లేదు. నా చేతుల్తోనే వేసినా. చేత్తో నట్లు ఎక్కించి, ఎదురెదురుగా బిగించి, జాకీ దించి, టార్క్ రెంచితో హోండా పుస్తకంలో రాసిన 108 న్యూటన్ మీటర్లకు తెచ్చినా. నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ తప్పు సామాను మీద పెట్టినా. ఓనరు మళ్లా గన్ను తీసుకోని ఒక్కో నట్టు మీద గుర్రుమనిపించినాడు, కస్టమరుకు తృప్తిగా ఉండాల కదా.

బావను పక్కకు పిలిచి చెప్పినా. "బావా, 50 కిలోమీటర్లు పోయినాక ఆపి నట్లు చూడు. స్టీరింగు వణికితే అసలు పోవద్దు." బావ సరే అన్నాడు. ఊరి సంగతులు నాలుగు మాట్లాడుకున్నాం. అక్క గురించి అడిగినా. కారు పోయింది.

చిక్కబళ్లాపురంలో టీ అంగటి కాడ నుంచి సెల్లు చేసినాడు. "బామ్మర్దీ, 80 దాటితే స్టీరింగు వణుకుతాంది." నట్లు చూడమన్నా. పానా డిక్కీలో ఉంది, డిక్కీ నిండా లగేజీ. వెనక నుంచి రెడ్డి కొడుకు గొంతు వినబడతానే ఉంది. "ఇప్పుడెవడు తీస్తాడు, పోనీ. కొత్త చక్రాలు, సర్దుకుంటాయి." బావ "సరేలే, నిదానంగా పోతా" అని పెట్టేసినాడు. నేను తిరిగి చేసి ఆ మనిషితోనే మాట్లాడి ఉండొచ్చు. అరిచి ఉండొచ్చు. చేయలేదు. ఇంకో కారు వచ్చింది, దాని కిందికి దూరినా.

అప్పుడది 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. ఆ దారంతా ఏమీ కాలేదు. కొడికొండ చెక్‌పోస్టు కాడ హైవే వదిలి గోరంట్ల దారి పట్టినాక, ఒక మలుపులో ముందరి ఎడమ చక్రం ఊడి కారుకంటే ముందు దొర్లుకుంటా పోయింది. బావే చెప్పినాడు తర్వాత, ఒక్క క్షణం అది ఎవరిదో చక్రం అనుకున్నానని. కారు డిస్కు మీద కూలి, రాసుకుంటా పోయి చింతచెట్టుకు కొట్టుకుంది. రెడ్డి కొడుకుకు మోచెయ్యి గీరుకుంది. బావ కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

తేరు రోజు మా గేరిలో ఎవరూ కదిరికి పోలేదు. ఆ గుడి తేరు చాలా పెద్దది, వేల మంది లాగుతారు, తేరు మీదికి మిరియాలు విసురుతారు. దాన్ని మలపడానికి చక్రాల కింద మొద్దులు వేసి అడ్డుపెట్టే మనుషులుంటారు. చిన్నప్పుడు నేను దేవుణ్ణి చూడకుండా ఆ మొద్దులనే చూసేవాణ్ణి. అంత బరువు, ఒక మొద్దు ముక్కకు మాట ఇంటాది.

కారును మా అంగటికే తెచ్చినారు, లారీ మీద. నేను చూసినా. రెండు నట్లు లేవు, ఎక్కడో రాలిపోయినాయి. రెండు స్టడ్లు తెగి ఉండాయి. చక్రం బొక్కలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డు మాదిరి సాగి ఉండాయి. వదులయిన చక్రం ఆడి ఆడి కొట్టుకుంటే అట్లవుతాది. తెగిన స్టడ్డు ముఖంలో సగం నల్లగా నున్నగా ఉంది, సగం కొత్తగా గరుకుగా మెరుస్తాంది. ఒక్క దెబ్బకు తెగింది కాదు, కొంచెం కొంచెంగా చీలి చివరికి తెగింది. అన్నీ అక్కడ రాసినట్లే ఉంది. చదివేవాడు కావాల.

ఓనరు ఒకే మాట చెప్పినాడు. "ఆ పిల్లోడే బిగించినాడు." అది నిజమే కదా. రెండు నెలల జీతం పట్టుకున్నాడు. ఊర్లో రెడ్డి ఇంకో మాట చెప్పినాడు. మాదిగోళ్లు ఇద్దరూ బావ బామ్మర్దులు, కావాలనే చేసినారని. కాలు విరగ్గొట్టుకోవడానికి కావాలని ఎవరు చేస్తారో ఆయనకే తెలియాల. మా నాయన్ను రచ్చకట్ట కాడికి పిలిపించి ఎండలో నిలబెట్టి కారు ఖర్చు అడిగినారు. అరవై ఏండ్ల మనిషి. ఆసుపత్రిలో బావ కాలికి రాడ్డు వేసినారు. దాని ఖర్చు అడిగినవాడు లేడు. అక్క కమ్మలు పోయినాయి, రెండు మేకలు పోయినాయి.

నేను ఊరికి పోయిన రాత్రి నాయన గడప కాడ కూచోని ఉండాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగినాడు.

"ఎట్ల బిగించినావురా?"

"ఎదురెదురుగానే బిగించినా నాయనా."

"మళ్ల?"

"కింద సరిగ్గా కూచోలేదు. కొలత వేరే."

"చట్రం కొలత తెలియకుండా తోలు ఎట్ల ఎక్కించినావు?"

"తెలుసు. చెప్పినా. ఇనలేదు."

ఆయన ఇంకేమీ అనలేదు. చేయనని చెప్పి ఉండాల్సిందని అనొచ్చు. అనలేదు. ఆయన కూడా బతుకంతా ఏ రెడ్డికీ చేయనని చెప్పినోడు కాదు. జీపు వెనక తలుపు మీద కూచోని పోయినోడే. ఆ రాత్రి నాకు ఆ చక్రం కథ అర్థమయింది, చక్రం పడిపోతాదని పట్టుకున్న కథ. నన్ను నమ్మించినాడా, తననే నమ్మించుకున్నాడా అని అడగాలనిపించింది. అడగలేదు. 2015లో పోయినాడు.

మీటింగుల్లో కొన్నిసార్లు పిల్లోళ్లు నన్ను అడుగుతారు, అన్నా, మీకు అంత తెలుసు కదా, ఎందుకు ఊరకున్నారు అని. చదువుకున్న పిల్లోళ్లు, జ్ఞానం ఉంటే అధికారం అదే వస్తాదని అనుకుంటారు. నాకు తెలిసింది నా నోట్లోంచి బయటికి వచ్చింది, అక్కడున్న ముగ్గురు మనుషుల చెవుల్లో పడింది. అయినా చక్రం ఎక్కింది. ఆ తర్వాత ఊరకుండింది మాత్రం నేనే. రెండూ చెప్తా. ఒకటి చెప్పి ఇంకోటి దాచితే లెక్క తప్పుతాది, నేను ముందే లెక్కల్లో పోయినోణ్ణి.

2013లో బెంగుళూరు వదిలేసి వచ్చి రోడ్డు పక్కన సొంతంగా అంగడి పెట్టినా, కదిరి నుంచి తలుపుల మీదుగా పులివెందుల పోయే దారిలో. జాగా అద్దెకు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఖాళీ ఉందంటారు, ఎవరబ్బాయివి అంటారు, తర్వాత మా తమ్మునికి కావాలంట అంటారు. చివరికి ఒక రిటైరయిన టీచరు ఇచ్చినాడు. బోర్డు మీద నా పేరు వెనక మాదిగ అని రాయించినా. పెయింటరు రెండుసార్లు అడిగినాడు, రాయమంటావా అన్నా అని. కొందరు బోర్డు చూసి బండి ఆపకుండా పోతారు. పోనీ.

అంగట్లో మొదట కొన్నది టార్క్ రెంచి. తర్వాత రింగులు, అన్ని కొలతలవీ, ఒక్కో కొలతకు రెండు సెట్లు. గన్ను ఉంది, విప్పడానికి మాత్రమే. బిగించేది చేత్తో, రెంచితో. అల్లాయ్ తెచ్చుకున్నవాళ్లది ముందు తిరగేసి లోపలి అచ్చు చూస్తా, జె.డబ్ల్యు.ఎల్. గుర్తు ఉందా, ఎంత బరువుకు పోసినారు అని. అది కూడా లేనివి మార్కెట్లో బాగా తిరుగుతాయి. ఏ బండయినా 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగినాక మళ్లా తెచ్చి నట్లు చూపించుకోవాల, డబ్బులు తీసుకోను. రింగు వద్దంటే చక్రం వేయను. కోపమొచ్చి పోయినోళ్లు ఉండారు. వాళ్లలో మనోళ్లూ ఉండారు, ఇది కూడా రాయాల కదా. "మనోనివే కదా, ఈ ఒక్కసారికి వేయి" అంటారు.

2019లో పెనుకొండ కాడ ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ బయటికి వచ్చినాక మా పక్క కొత్త కార్లు ఎక్కువయినాయి. మా గేరి పిల్లోళ్లు ఇద్దరు అందులో పనికి పోతాండారు. వాళ్లు చెప్తారు, లైనులో నట్లన్నీ ఒకేసారి మిషను బిగిస్తాదని, ఎంత బిగువో కంప్యూటరు రాసుకుంటాదని. బావకు ఆ మాట చాలా నచ్చింది. "రాసుకుంటాదంట. అంటే తర్వాత ఎవరి మీదా అబద్ధం చెప్పలేరు" అన్నాడు.

బావ నా దగ్గరే ఉంటాడు. కాలు వంగదు, బండి నడపలేడు. గుమ్మం కాడ ప్లాస్టిక్ కుర్చీలో కూచోని నట్లు లెక్కపెడతాడు. నేను పెట్టిన పనే అది. నట్టు చేత్తో తిప్పుతా ఉంటే చుట్లు లెక్కపెట్టాల. స్టడ్డు మందం పన్నెండు మిల్లీమీటర్లు. మర కనీసం అంత లోతు పట్టాల. ఒక్కో చుట్టుకు ఒకటిన్నర నడిచే మర అయితే ఎనిమిది చుట్లు. ఒకటింబావు నడిచేది అయితే పది. తగ్గితే నట్టు పొట్టిదో, చక్రం మందమో, లేకుంటే మరే వేరే. తెగిన స్టడ్డు ఒకటి నా దగ్గర ఉంది, ఆ సిటీది. దాన్ని రింగుల డబ్బాలోనే వేసి పెట్టినా. బావకు అది అక్కడుందని తెలుసు. ఎప్పుడూ బయటికి తీయడు.

పోయిన నెల కియాలో పనిచేసే పిల్లోడే ఒకడు పాత ఐ20 కొని తెచ్చినాడు. ఎవరో స్నేహితుని స్విఫ్టు నుంచి తీసిన అల్లాయ్‌లు, నట్లు కూడా ఆ బండివే. నడిమి కొలత రెండింటికీ ఒకటే, నాలుగు బొక్కల దూరం ఒకటే, చక్రం చక్కగా కూచుంది. పిల్లోడు మురిసిపోతాండాడు. నేను మొదటి నట్టు అందుకోని వేళ్లతో తిప్పినా. బావ మామూలుగా లెక్క మొదలుపెట్టినాడు.

"ఒకటి. రెండు. మూడు..."

నట్టు నిలబడిపోయింది. మారుతి మర ఒకటింబావు, హుందాయ్ మర ఒకటిన్నర.

"గన్ను పెట్టన్నా, పోతాది" అన్నాడు పిల్లోడు.

"తీయి" అన్నాడు బావ.